టైల్సు నేల - ఇంటివారే పరచుకొను విధము

హనుమంతునిపాడు, కనిగిరి ప్రాంతపు గ్రామములలో కంది కోత ముగియగనే బేల్దారి పనులకై హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములకు తరలిపోవు కుటుంబములు అనేకము గలవు. ఆ నగరములలోని మేడలకు గోడలు లేపునది, గచ్చులు పోయునది, టైల్సు పరచునది చాలవరకు ఈ మెట్టప్రాంతపు చేతులే. పండుగకో పెండ్లికో స్వగ్రామము చేరినపుడు వారు చాప పరచుకొని పడుకొను గది చూడుడు. పేడతో అలికిన మట్టినేలయో, ఏనాడో పోసి ఇప్పుడు పెచ్చులు లేచిన సిమెంటు గచ్చో కనిపించును. తీరిక, నీరు, డబ్బు - ఈ మూడును ఒక్కసారిగా కుదరకపోవుటచే పని సంవత్సరము నుండి సంవత్సరమునకు వాయిదా పడుచున్నది.

ఇంటనున్నవారు ఒక్క గదితో ప్రారంభించినచో ఈ పని అంత దుర్లభము కాదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిని ఇద్దరు మనుష్యులు నాలుగైదు దినముల పనితో ముగించవచ్చును. నడుమ గచ్చు ఆరుటకు, గట్టిపడుటకు కావలసిన దినములు వేరు. ఎన్నడును తాపీ పట్టని రైతు సైతము ఓర్పు ఉన్నచో దీనిని చేయగలడు. తొందర ఉన్నవాడు మాత్రము మేస్త్రిని పిలుచుకొనుట మంచిది.

మొదట ఒక మాట. టైలు పగిలినపుడు సరకు నాసిదని దుకాణదారుని నిందించుట పరిపాటి. నేను చూచినంతవరకు, పగిలిన టైలును పెకలించినచో దాని క్రింద వేలు దూరునంత ఖాళీ కనబడెను. సిరామిక్ టైలు కాల్చిన మట్టిబిళ్ళ. దానిపై బరువు పడినపుడు ఆ బరువును మోయునది టైలు కాదు, దాని క్రింది పరుపు. క్రింద ఎక్కడ డొల్ల ఉన్నదో అక్కడ టైలు చీలును. ఈ సంగతి నేను పుస్తకములో చదివి నేర్చినది కాదు. మా వంటగదిలో మొదటిసారి స్వయముగా పరచినపుడు, త్వరగా ముగించు ఆశతో ఒక్కొక్క టైలు వెనుక నాలుగు మూలల నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద సిమెంటు పెట్టి అతికించితిని. పైకి చూచుటకు నేల అద్దమువలె ఉండెను. ఆరు నెలల తరువాత ఒకనాడు కందుల బస్తాను భుజము నుండి దబ్బున దించగా టైలు రెండుగా చీలెను. తీసి చూచితిని గదా, ముద్దల నడుమ ఖాళీలో చీమలు పుట్ట పెట్టియుండెను! ఆ వరుసలోని తొమ్మిది టైల్సును తిరిగి తీసి వేయవలసి వచ్చినది.

ఎక్కడ వేయరాదు

పడక గది, వంటగది, పంచ - వీనికి టైల్సు అనుకూలము. పశువుల కొట్టమునకు మాత్రము ఎంత చవుకగా దొరికినను వేయరాదు. మూత్రము, పేడ పడి తడిసిన నునుపు నేలపై ఎద్దు కాలు జారినచో తుంటి తొలగును. ఇక ఆ ఎద్దు అరకకు పనికిరాదు. కొట్టమునకు చీపురుతో గీతలు గీచిన కాంక్రీటో, గరుకు రాతి పరుపో తగినది. ధాన్యము నిలువచేయు గదికి టైల్సు మంచివే. ఎలుక కన్నము వేయలేదు, ఊడ్చుట సులభము. ఐనను బస్తాలను నేరుగా టైల్సుపై పేర్చరాదు. చల్లని నేలపై గాలిలోని చెమ్మ చేరి అడుగు బస్తా బూజు పట్టును. చెక్కలో, వెదురు తడికలో అడుగున వేసి, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను.

మట్టినేలను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. ఎండకాలమున చల్లదనమునకు దానికి సాటి లేదు, ఖర్చు లేదు, పగిలినచోట ఇల్లాలు ఉదయమే అలికిన సరిపోవును. చంటిబిడ్డ పడినను దెబ్బ తగలదు. కాని వర్షాకాలపు చెమ్మ, చెదలు, ఎలుక బొరియలు, ప్రతి వారమును అలుకుడు - ఈ శ్రమ పడలేని ఇండ్లకే ఈ వ్యాసము.

నునుపు టైలు వలన ముప్పు

దుకాణములో అందరి కన్నును ఆకర్షించునది తళతళలాడు టైలు. మన ప్రాంతమునకు అది తగదు. ఇందుకు ప్రత్యేక కారణమున్నది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను వైద్య శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లా గ్రామములలోని ఫ్లోరైడు వ్యాధిని గురించి ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి వ్రాతలలో అది ఒకటి. అంతకుముందే ఎడ్లు కీళ్ళు పట్టి నడువలేకపోవుటను ఈ ప్రాంతపు రైతులు గమనించిరని చెప్పుదురు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అంతకు మించిన బోరు నీటిని దశాబ్దములు త్రాగినవారి నడుములు వంగిపోయి, మెడ, మోకాళ్ళు బిగుసుకొనిపోయి యుండుట హనుమంతునిపాడు పల్లెలలో నేటికిని చూచుచున్నాము. అట్టి వృద్ధుడు కాలు జారినచో చేయి చాచి నిలద్రొక్కుకొనలేడు, మ్రానువలె పడును. తుంటి ఎముక విరిగినచో అతడు మరల మంచము దిగుట కష్టము.

కావున ఇంటిలో పెద్దలున్నవారు గరుకు పూత గల టైలునే కొనవలెను. దుకాణదారులు దీనిని మాట్ టైలు అందురు. కొనుటకు ముందు ఒక టైలును నేలపై పెట్టించి, చెంబెడు నీరు పోసి, చెప్పులు విడిచి దానిపై అరికాలును రుద్ది చూడుడు. జారినచో ఎంత అందమైనదైనను వదలివేయుడు. స్నానపు గది, కడుగు చప్టా, గడప ముందు భాగము - ఈ మూడు చోట్ల గరుకుదనము విషయమున బేరము లేదు.

గరుకుదనమే ముఖ్యమనుకొనువారికి మార్కాపురపు పలకరాయి చేరువలోనే దొరకును. బడిపిల్లల పలకలకు ప్రసిద్ధికెక్కిన ఆ రాయి పొరలు పొరలుగా చీలును. ఆ చీలిన ముఖము సహజముగానే కాలికి పట్టు ఇచ్చును. బేతంచెర్ల నాపరాళ్ళు కూడ వాడుకలో ఉన్నవే. ఐతే పలకరాయి ఒకచోట మందము, ఒకచోట పలుచన. పరుపును ప్రతి రాయికి సరిచేయుచు పోవలెను. మొదటిసారి పని నేర్చుకొనువానికి సమాన మందము గల సిరామిక్ టైలే సులువు.

టైల్సు అనేకము గుజరాతులోని మోర్బీ నుండి లారీలలో వచ్చుచున్నవి. ఒకే రంగు, ఒకే పేరు గల పెట్టెలలో సైతము కాల్పు కాల్పుకు రంగు కొద్దిగా మారును, కొలత వెంట్రుకవాసి తేడా వచ్చును. పెట్టెపై ముద్రించిన బ్యాచి నంబరు, షేడు నంబరు అన్ని పెట్టెలకు ఒకటిగా ఉన్నదా అని చూచి, కావలసినన్ని ఒకేసారి తెచ్చుకొనవలెను.

ఇప్పుడు లెక్క. అడుగు టైలు అని దుకాణములో అమ్మునది 300 మిల్లీమీటర్లది. నిజమైన అడుగు 305 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. ఈ చిన్న తేడా వలననే చివరి వరుసలో అంగుళము వెడల్పు సందు మిగిలి, ఆ సన్నని ముక్కను కోయలేక పనివారు చిక్కుపడుదురు. టైలుకు టైలుకు నడుమ 4 మిల్లీమీటర్ల సందు విడిచినచో, 10 టైల్సు 10 అడుగులలోను, 12 టైల్సు 12 అడుగులలోను ఇమిడి, గోడల పొంత ఆరేడు మిల్లీమీటర్ల ఖాళీ మాత్రము మిగులును. ఆ ఖాళీ కూడ అవసరమే. ఎండలకు నేల వ్యాకోచించినపుడు టైల్సు ఒకదానినొకటి నెట్టుకొని పైకి లేవకుండ అది కాపాడును. దానిని సిమెంటుతో పూడ్చక, గోడ అంచుకు వేయు పట్టీతో కప్పవలెను. ఈ గదికి 120 టైల్సు సరిపోవును. విరుగుటకు, తరువాతి మరమ్మతునకు మరి 10 కలుపుకొనుడు. పాత గోడలు సూటిగా ఉండుట అరుదు గనుక, సిమెంటు కలుపుటకు ముందే రెండు వరుసలను అడ్డముగా, నిలువుగా ఉత్తినే పేర్చి చూచుకొనవలెను.

అడుగు కట్టుట

ఈ పనికి మంచి కాలము కంది కోత ముగిసిన తరువాత, మాఘ ఫాల్గుణములలో. అప్పటికి బోర్లు ఇంకను ఎండవు. ఎండ తీవ్రము కాదు. వైశాఖములో పని పెట్టుకొన్నవారు సిమెంటు తాగవలసిన నీటిని ఎండ తాగగా చూచి విచారింతురు.

గది నేలను త్రవ్వుటకు ముందు గోడ సంగతి తెలిసికొనుడు. మన పాత ఇండ్లు అనేకము మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు. వాని పునాది ఎంత లోతున్నదో తెలియక గోడ అంచున అడుగు లోతు త్రవ్వినచో గోడయే కూర్చుండును. ఒక మూల చిన్న గుంట తీసి పునాది చూడవలెను. లోతు చాలనిచో నేలను త్రవ్వక, పైకి ఎత్తుకొనుటయే క్షేమము. అపుడు ద్వారబంధము పొట్టియగును, గడపకును నేలకును తేడా తగ్గును. తలుపు లోపలికి తెరచుకొనునదైనచో దాని అడుగు చెక్కను కోయవలసి వచ్చును. ఇవన్నియు ముందే కొలిచి చూచుకొనవలెను.

పునాది లోతుగా ఉన్నచో గడప మట్టము నుండి సుమారు పదకొండున్నర అంగుళములు త్రవ్వవలెను. అందులో 6 అంగుళములు గరుసు, 4 అంగుళములు కాంక్రీటు, 1 అంగుళము పరుపు, మిగిలినది టైలు మందము. అడుగున నల్లరేగడి ఉన్నచో మరికొంత త్రవ్వి తీసివేయవలెను. తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు నెరియలిచ్చు ఆ నేల ఎంతటి గచ్చునైనను ఎత్తి పగులగొట్టును. ఎర్ర గరప నేలలకు ఈ భయము లేదు.

గరుసును ఒకేసారి కుమ్మరింపక 3 అంగుళముల చొప్పున పరచి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టవలెను. మడమతో గట్టిగా తొక్కినను గుర్తు పడనంతవరకు కొట్టవలెను. ఈ దిమ్మిస పనియే అన్నింటికంటె విసుగు పుట్టించునది, అందరును ఎగవేయునది కూడ ఇదియే. గరుసుపై మందపాటి పాలిథీన్ పట్టా పరచినచో అడుగు చెమ్మ పైకి ఎక్కదు.

కాంక్రీటుకు 1 పాలు సిమెంటు, 4 పాళ్ళు ఇసుక, 8 పాళ్ళు కంకర చాలును. మన గదికి 4 అంగుళముల మందమున సుమారు 40 ఘనపుటడుగులు కావలెను. అందుకు 4 బస్తాల సిమెంటు, 19 ఘనపుటడుగుల ఇసుక, 38 ఘనపుటడుగుల కంకర పట్టును. నీరు ఎక్కువ పోసి జావగా కలిపినచో పని సులువగును గాని గచ్చు బలహీనమగును. ఉప్పునీరు వాడరాదు, కొంతకాలమునకు టైల్సు సందులగుండ తెల్లని ఉప్పు పైకి పొంగి వచ్చును.

పోసిన మరునాటి నుండి ఏడు దినములు కాంక్రీటును తడిగా ఉంచవలెను. గది అంతటను అర అంగుళము నీరు నిలుపుటకు 140 లీటర్లు కావలెను. ట్యాంకరు కొరకు బిందెలు వరుస పెట్టి నిలబడు ఊళ్ళలో ఇంత నీరు నేలపై పోయుటకు ఎవరికి మనసొప్పును? పాత గోనెపట్టాలను తడిపి పరచి, వానిపై పాలిథీన్ కప్పినచో రోజుకు నాలుగైదు బిందెలతో సరిపెట్టవచ్చును. కూరగాయలు, గిన్నెలు కడిగిన నీరు ఇందుకు పనికివచ్చును. సబ్బు, ఉప్పు లేని నీరైన చాలును.

ఇప్పటికే గట్టి సిమెంటు గచ్చు ఉన్న ఇండ్లవారు దానిని త్రవ్వ పనిలేదు. కర్రతో తట్టుచు పోయి, బోలుమని పలుకు పెచ్చులను తొలగించి, ఆ గుంటలను పూడ్చి, టైల్సు అతికించు జిగురు పొడిని సంచిపై ముద్రించిన ప్రకారము కలిపి, పండ్ల తాపీతో పరచి టైల్సు వేసికొనవచ్చును. నీరు, ఎత్తు రెండును కలిసివచ్చును. ఖర్చు మాత్రము కొంత ఎక్కువ.

పరచుట

గోడలను నమ్మి వరుస పెట్టరాదు. గది నడుమ దారము లాగి, దానికి అడ్డముగా మరియొక దారము లాగవలెను. రెండును కలియుచోటు నుండి ఒకదానిపై 3 అడుగులు, రెండవదానిపై 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టి, ఆ గుర్తుల నడుమ కొలిచినచో సరిగా 5 అడుగులు రావలెను. వచ్చినచో మూలమట్టము కుదిరినట్లే. నాలుగు మూలల టైలు ముక్కలను ఉంచి, నీరు నింపిన సన్నని గొట్టముతో మట్టము చూచుకొనుడు. తలుపు వైపునకు గది పొడవు మీద ఒక అంగుళము వాలు ఉంచినచో కడిగిన నీరు తనంతట తానే పోవును.

సాధారణ సిరామిక్ టైలును సిమెంటు పరుపుపై వేయునపుడు ముందుగా నీటిలో నానవేయవలెను. బుడగలు ఆగిపోవువరకు నానినచో చాలును. తీసి నీరు కారనిచ్చి వాడవలెను. ఎండిన టైలు పరుపులోని నీటిని పీల్చివేయును, సిమెంటు పట్టదు. విట్రిఫైడు టైలు నీరు పీల్చదు గనుక నానవేయుట వృథా. అందుచేతనే దానికి ఉత్త సిమెంటు కంటె జిగురు నయము. జిగురుతో వేయునపుడు ఏ టైలునైనను నానవేయరాదు. మీ టైలు ఏ రకమో తెలియనిచో వెనుక వైపున చుక్క నీరు వేసి చూడుడు, ఇంకిపోవునది సిరామిక్.

పరుపునకు 1 పాలు సిమెంటుకు 4 పాళ్ళు జల్లించిన ఇసుక. ఈ గదికి, సిమెంటు పాలతో కలిపి, సుమారు 3 బస్తాలు అగును. అరగంటలో ముగియునంత మాత్రమే కలుపుకొనవలెను. గచ్చును తడిపి, పలుచని సిమెంటు పాలు చల్లి, పరుపును అంగుళము మందమున పరచి బద్దతో చదును చేసి, దానిపై మరల చిక్కని సిమెంటు పాలు పోసి, టైలును నిండుగా ఆనునట్లు దించి, రబ్బరు సుత్తితో నడుమ నుండి అంచులకు తట్టవలెను. సందులకు 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లస్సులు దొరకును. ప్రతి టైలుకు రసమట్టము పెట్టి చూడవలెను. మొదటి పది టైల్సును వేసిన తరువాత ఒకదానిని పెకలించి వెనుక వైపు చూడుడు. సిమెంటు అంతటను అంటియున్నచో మీ చేయి కుదిరినది. మచ్చలుగా అంటినచో పరుపు ఎత్తుపల్లములుగా ఉన్నదనుట. పని వెనుక గోడ నుండి ప్రారంభించి తలుపు వైపునకు రావలెను. తలుపు నుండి ప్రారంభించిన వాడు సాయంకాలమునకు తాను వేసిన తడి టైల్సు వెనుక బందీయగును.

కోయుటకు గీత గీచి విరుచు చేతి కట్టరు అద్దెకు దొరకును, దానికి దుమ్ము రాదు. తిరుగు చక్రపు మరతో కోయువారు ముక్కును, నోటిని కప్పుకొని, గది వెలుపల, నీరు పోయుచు కోయవలెను. ఈ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులలో చేరినచో మరల వెలుపలికి రాదు. రాతి పనులు చేయు కుటుంబములకు ఆ వ్యాధి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మరునాడు ఒక రూపాయి బిళ్ళతో ప్రతి టైలు నాలుగు మూలలను, నడుమను తట్టుచు పోవలెను. గట్టి శబ్దము వచ్చిన మేలు. కుండను తట్టినట్లు డొల్లగా పలికినచో మొగమాటపడక అప్పుడే తీసి తిరిగి వేయుడు. ఆనాడు అది పది నిమిషముల పని. తరువాత సందులలోని మట్టిని గీకి, గ్రౌటు పొడిని ముద్దగా కలిపి రబ్బరు బద్దతో కూరి, పావుగంట గడచిన పిదప తడిగుడ్డతో తుడువవలెను. ఆలస్యము చేసినచో గరుకు టైలుపై ఆ మరక పోవుట కష్టము. రెండు దినములు ఎవరును నడువరాదు. మంచములు, బస్తాలు వారము దినముల తరువాతనే. ఈ రెండు దినములు కోడిపిల్లలను, చిన్నపిల్లలను ఆపుటకు తలుపుకు అడ్డముగా నులకమంచము నిలబెట్టుట తప్ప నాకు వేరు ఉపాయము తోచలేదు.

పని ముగిసిన పిదప మిగిలిన టైల్సును ఎవరైన అడిగినను ఇచ్చివేయరాదు. ఐదేండ్ల తరువాత ఒక టైలు పగిలినపుడు ఆ రంగు అంగడిలో దొరకదు. పెట్టెపై బ్యాచి నంబరున్న అట్టముక్కను చించి, వానితోనే కట్టి అటకమీద పెట్టుకొనుడు.